జీటీ సైకిల్: ఒకప్పటి మొనగాడు, తర్వాత అనాథ - అసలేం జరిగింది?

ఈ ఎపిసోడ్ మా పిన్ని కొడుకు వల్ల వచ్చింది. వాడు హనుమకొండలో బీటెక్ సెకండ్ ఇయర్. మొన్న రాత్రి పదకొండు గంటలకి ఒక ఫోటో పంపాడు. సెకండ్ హ్యాండ్ మౌంటెన్ బైక్, జీటీ అవలాంచ్, నల్ల రంగు. అమ్మేవాడు 32 వేలు చెప్తున్నాడంట. కింద వాయిస్ మెసేజ్: "అన్నయ్యా, అమ్మేటాయన ఇది అమెరికా లెజెండ్ బ్రాండ్ అంటున్నడు. మా క్లాస్‌మేట్ ఏమో అది చవక మాల్ సైకిల్, కంపెనీ కూడా మూసేస్తున్నరు, తీస్కోకు అంటున్నడు. ఎవరి మాట నమ్మాలె? బాబాయ్‌కి నువ్వే చెప్పాలె, పైసలు ఆయనే ఇస్తడు."

నేను టైప్ చేయడం మొదలుపెట్టి ఆగిపోయాను. ఎందుకంటే ఇద్దరూ కరెక్టే. అమ్మేవాడు 1993 గురించి మాట్లాడుతున్నాడు, క్లాస్‌మేట్ 2005 గురించీ 2024 గురించీ మాట్లాడుతున్నాడు. మధ్యలో జరిగిన కథ ఇద్దరికీ తెలీదు. ఆ కథే ఈ రోజు మన టాపిక్.

గ్యారీ టర్నర్ అనే పెద్దమనిషితో మొదలుపెడదాం. జీటీ అంటే ఆయన పేరులోని మొదటి అక్షరాలే, గ్రాండ్ టూరింగో ఇంకేదో కాదు. కాలిఫోర్నియాలో ఉండేవాడు, డ్రాగ్ రేసింగ్ పిచ్చి. డ్రాగ్ రేసింగ్ అంటే తెలుసుగా, తిన్నగా ఉన్న రోడ్డు మీద ఎవరి కారు ముందు పోతుందో చూసుకునే పందెం. ఆ కార్ల చట్రాలకి క్రోమోలీ అనే స్టీల్ గొట్టాలు వాడతారు. మామూలు స్టీల్ కన్నా గట్టిది, అందుకే గొట్టం గోడ పల్చగా చేసుకోవచ్చు, బరువు తగ్గుతుంది. టర్నర్‌కి దాన్ని వెల్డింగ్ చేయడం చేతనవును. 1970ల మొదట్లో ఆయన కొడుకు బీఎంఎక్స్ సైకిల్ తొక్కేవాడు, మట్టి ట్రాక్ మీద ఎగరడం దూకడం. ఆ రోజుల్లో పిల్లల సైకిల్ ఫ్రేములు ఆ దెబ్బలకి విరిగిపోయేవి. తండ్రి ఏం చేశాడంటే, రేసు కారు గొట్టాలతో కొడుక్కి ఒక ఫ్రేమ్ అతికించి ఇచ్చాడు. ట్రాక్ దగ్గర మిగతా పిల్లలు చూశారు, మాక్కూడా కావాలన్నారు. అంతే, అలా మొదలైంది.

రిచర్డ్ లాంగ్ ఇంకో మనిషి. అనాహైమ్‌లో సైకిల్ షాపు ఆయనది. టర్నర్ చేసే ఫ్రేములు తెచ్చి అమ్మేవాడు, ఎన్ని తెచ్చినా అయిపోయేవి. 1979లో ఇద్దరూ కలిసి కంపెనీ పెట్టారు. ఒకాయనకి వెల్డింగ్ తెలుసు, ఇంకొకాయనకి అమ్మడం తెలుసు. మన స్టార్టప్ భాషలో చెప్పాలంటే ఒకరు సీటీఓ, ఒకరు సీఈఓ. ఈ లాంగ్ అనే పేరు గుర్తుపెట్టుకోండి.

1980లు మొత్తం బీఎంఎక్స్‌లో జీటీదే హవా. 80ల మధ్యలో మౌంటెన్ బైకులు మొదలుపెట్టారు. అప్పుడే ఒక గుర్తు పట్టుకొచ్చింది కంపెనీ. మామూలు సైకిల్ ఫ్రేమ్‌ని పక్క నుంచి చూడండి, రెండు త్రికోణాలు కనిపిస్తాయి, ముందు ఒకటి వెనక ఒకటి. వెనక చక్రం నుంచి పైకి వచ్చే సన్న గొట్టాలు సీటు గొట్టం దగ్గర ఆగిపోతాయి. జీటీలో ఆగవు. సీటు గొట్టాన్ని దాటి, పై గొట్టానికి వెళ్లి అతుక్కుంటాయి. అక్కడ సీటు కింద చిన్నగా ఇంకో త్రికోణం వస్తుంది. దీన్నే ట్రిపుల్ ట్రయాంగిల్ అన్నారు. ఫ్రేమ్ ఇంకా గట్టిగా ఉంటుందని కంపెనీ చెప్పింది. నిజంగా ఎంత తేడా వస్తుందనేది ఇప్పటికీ సైకిల్ జనాలు కొట్టుకునే విషయమే. ఇంకో సంగతి, ఈ ఐడియా జీటీది కూడా కాదు. 1920ల్లోనే ఇంగ్లండ్‌లో ఫ్రెడ్ హెలెన్స్ అనే ఆయన ఇలాంటి ఫ్రేములు చేశాడు. నా అభిప్రాయం అడిగితే, దాని అసలు ఉపయోగం వేరే. నలభై అడుగుల దూరం నుంచి, పేరు చదవకుండానే "అది జీటీ" అని ఎవడైనా చెప్పేస్తాడు. స్టిక్కర్ చించేసినా, రంగు మార్చేసినా దొరికిపోతుంది. ఏ యాడ్ ఏజెన్సీ ఇవ్వగలదు అలాంటిది?

ఇప్పుడు మనకి దగ్గరగా ఉన్న ముచ్చట ఒకటి. జీటీ వాళ్లు తమ మౌంటెన్ బైకులకి పెట్టిన పేర్లు చూడండి. కారకోరం. జీజాంగ్, అంటే టిబెట్. జాస్కర్. లడఖ్‌లో జాన్‌స్కార్ పర్వతాలు ఉన్నాయి కదా, బుల్లెట్ బండ్లేసుకుని మనోళ్లు రీల్స్ తీసుకునే చోటు, వాటికి పాత మ్యాపుల్లో ఉన్న స్పెల్లింగే జాస్కర్. కాలిఫోర్నియాలో తయారైన సైకిల్‌కి మన హిమాలయాల పేరు. నేను మొదటిసారి ఈ విషయం గమనించినప్పుడు ల్యాప్‌టాప్ ముందు ఒక్కడినే నవ్వుకున్నాను.

ఈ జాస్కర్ 1991లో వచ్చింది. అల్యూమినియం ఫ్రేమ్. దీనికి పెయింట్ వేయకుండా ఇంకో పని చేశారు. ఫ్రేమ్‌ని చిన్న చిన్న గోళీలున్న తొట్టెలో పడేసి, ఆ తొట్టెని గడగడా వణికిస్తారు. గోళీలు ఫ్రేమ్‌ని కొట్టీ కొట్టీ, రుద్దీ రుద్దీ అద్దంలా మెరిపిస్తాయి. బాల్ బర్నిష్డ్ అంటారు దాన్ని. మనింట్లో చింతపండు పెట్టి తోమిన ఇత్తడి బిందె ఎలా ఉంటుంది? దానికి తెల్ల రంగు ఊహించుకోండి. ముప్పై ఏళ్ల తర్వాత కూడా కొంచెం పాలిష్ పెడితే మళ్లీ మెరుస్తాయి ఈ ఫ్రేములు.

మెరుపు ఒక్కటే అయితే పేరు నిలబడదు. రేసుల్లో ఏం జరిగిందో చూద్దాం. జూలీ ఫర్టాడో అని ఒకావిడ. మొదట్లో అమెరికా స్కీయింగ్ టీమ్‌లో ఉండేది, మోకాళ్లు దెబ్బతిని అది వదిలేసింది. సైకిల్ ఎక్కింది. 1990లో మొదటి అధికారిక మౌంటెన్ బైక్ వరల్డ్ ఛాంపియన్‌షిప్ జరిగితే, ఆడవాళ్ల క్రాస్ కంట్రీ గెలిచింది, అప్పుడు వేరే కంపెనీ సైకిల్ మీద. తర్వాత జీటీకి వచ్చింది. 1993, 1994, 1995, వరసగా మూడేళ్లు వరల్డ్ కప్ ఆవిడదే. అదే 1993లో ఫ్రాన్స్‌లోని మెటాబియెఫ్‌లో మైక్ కింగ్ అనే జీటీ రైడర్ డౌన్‌హిల్‌లో వరల్డ్ ఛాంపియన్ అయ్యాడు. హాన్స్ రే అని ఇంకొకాయన ఉన్నాడు, 1987 నుంచి జీటీతోనే. ఆయన రేసర్ కాదు. జాస్కర్ వేసుకుని కార్ల మీద నుంచి, మెట్ల మీద నుంచి, బండరాళ్ల మీద నుంచి కాలు కింద పెట్టకుండా గెంతుతూ పోతాడు. ఇప్పుడు మీరు ఫోన్‌లో చూసే సైకిల్ స్టంట్ వీడియోలకి తాత లాంటోడు.

ఇప్పుడు అర్థమైందా, అమ్మేవాడు "లెజెండ్" అని ఎందుకన్నాడో? 90ల మధ్యలో అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో టీనేజర్‌ని అడిగి ఉంటే, గోడ మీద జాస్కర్ పోస్టర్ ఉండేది. కానీ అప్పుడు కూడా జీటీ చవక మోడల్స్ ఉన్నాయి, వాటిలో చాలా తైవాన్‌లో తయారయ్యేవి. "అమెరికా బ్రాండ్" అంటే ప్రతి సైకిలూ అమెరికాలో అతికించిందని కాదు. ఈ మాట సెకండ్ హ్యాండ్ అమ్మేవాళ్లు ఎప్పుడూ చెప్పరు.

ఇక డబ్బుల కథ. 1993లో బేన్ క్యాపిటల్ అనే పెట్టుబడుల సంస్థ జీటీలో పెద్ద వాటా కొన్నది. పేరు ఎక్కడో విన్నట్టుందా? 2012లో ఒబామా మీద పోటీ చేసిన మిట్ రామ్నీ నడిపిన సంస్థ అది. 1995లో జీటీ షేర్లు మార్కెట్‌లోకి వచ్చాయి. అమ్మకాలు ఏడాదికి 20 కోట్ల డాలర్లు దాటాయి. 1996లో అట్లాంటా ఒలింపిక్స్. ఆ ఏడాదే మొట్టమొదటిసారి మౌంటెన్ బైకింగ్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది. పైగా అమెరికా ట్రాక్ సైక్లింగ్ టీమ్ కోసం సూపర్‌బైక్ అని ఒక స్పెషల్ సైకిల్ జీటీయే చేసింది. అన్నీ ఒకే చోటికి వచ్చి కలిసే టైమ్ అది.

1996 జులై 12. ఒలింపిక్స్‌కి వారం రోజులు ఉంది. బిగ్ బేర్ అనే కొండ ఊళ్లో మౌంటెన్ బైక్ రేసు జరుగుతోంది. రిచర్డ్ లాంగ్ మోటార్‌సైకిల్ మీద అక్కడికి బయల్దేరాడు. దారిలో యాక్సిడెంట్. చనిపోయాడు.

నేను ఈ స్క్రిప్ట్ రాసేటప్పుడు ఇక్కడ చాలాసేపు ఆగాను. కంపెనీ ఓనర్ చనిపోతే బ్రాండ్ పడిపోయింది అని చెప్పేయడం ఈజీ. చాలామంది అలాగే చెప్తారు కూడా. కానీ అది సగమే నిజం అనిపిస్తుంది నాకు. లాంగ్ చనిపోయే నాటికే కంపెనీ స్టాక్ మార్కెట్‌లో ఉంది, మూడు నెలలకోసారి లెక్క చూపించాలి. సైకిళ్ల మార్కెట్‌లో ఆ 90ల ఊపు ఎల్లకాలం ఉండేది కాదు. లాంగ్ బతికి ఉన్నా ఆ ఒత్తిడి ఉండేది. తేడా ఎక్కడంటే, రేసు జరిగే చోటికి బండేసుకుని స్వయంగా వెళ్లే మనిషి ఆ మీటింగులో కూర్చుని ఉండేవాడు. ఆ కుర్చీ ఖాళీ అయింది. (అట్లాంటాలో ట్రాక్ మీద అమెరికాకి రెండు వెండి పతకాలు వచ్చాయి, బంగారం రాలేదు.)

1998లో ష్విన్ ఓనర్లు జీటీని కొన్నారు. ష్విన్ అంటే 1895లో షికాగోలో పుట్టిన కంపెనీ, అమెరికన్లకి మన హీరో, అట్లాస్ లాంటిది. అది అప్పటికే 1992లో ఒకసారి దివాలా తీసి చేతులు మారింది. ఇద్దరినీ కలిపి ష్విన్-జీటీ అన్నారు. మూడేళ్లు నడిచింది. 2001లో మళ్లీ దివాలా.

ఇక్కడ నా సొంత గోల ఒకటి చెప్పాలి. నేను కెమెరా ముందుకి రాకముందు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మూడేళ్లు చేశాను. మా కంపెనీని ఇంకో పెద్ద కంపెనీ కొన్నది. కొన్న రోజు అందరినీ హాల్‌లోకి పిలిచి కేక్ కట్ చేయించి "ఏమీ మారదు" అన్నారు. నాకు కొత్త లోగో ఉన్న టీషర్ట్ ఇచ్చారు. ఏడు నెలలకి మా టీమే లేదు. మేం రాసిన ప్రోడక్ట్ పేరు మాత్రం ఇప్పటికీ వాళ్ల వెబ్‌సైట్‌లో ఉంది, అదే రంగు, అదే ఫాంట్. లోపల కోడ్ రాసినవాళ్లు ఒక్కరు కూడా లేరు. ఆ టీషర్ట్ ఇప్పుడు నా సైకిల్ చైన్ తుడిచే గుడ్డ. అందుకే జీటీ కథలో ఇక్కడి నుంచి నాకు కంపెనీ పేరు కన్నా, పేరు వెనకాల ఎవరున్నారు అనేదే కనిపిస్తుంది.

2001 సెప్టెంబర్‌లో వేలం జరిగింది. పసిఫిక్ సైకిల్ అనే కంపెనీ ష్విన్, జీటీ సైకిల్ బ్రాండ్లని 8.6 కోట్ల డాలర్లకి పాడుకుంది. పసిఫిక్ సైకిల్ పద్ధతి వేరు. ఆసియాలో ఫ్యాక్టరీల దగ్గర చేయించుకుని, అమెరికాలో పెద్ద పెద్ద స్టోర్లకి టోకున అమ్మడం. వాళ్లు అంతకు ఏడాది ముందే మంగూస్ కొన్నారు. మంగూస్ కూడా ఒకప్పుడు జీటీతో పోటీపడిన బీఎంఎక్స్ బ్రాండే. ఇప్పుడు ఆ మంగూస్, ఆ ష్విన్ వాల్‌మార్ట్‌లో పాలప్యాకెట్ల పక్క వరసలో అమ్ముడుపోవడం మొదలైంది. జీటీని అంత దూరం లాగలేదు, ఈ విషయంలో న్యాయంగా మాట్లాడాలి. మంచి మోడల్స్ సైకిల్ షాపుల్లోనే ఉంచారు. కానీ చవక మోడల్స్ డిక్స్ లాంటి స్పోర్ట్స్ సామాన్ల చైన్ స్టోర్లలోకి వెళ్లాయి. బాస్కెట్‌బాల్, డంబెల్స్, పక్కన ట్రిపుల్ ట్రయాంగిల్.

చిన్న సైకిల్ షాపు నడిపేవాడి వైపు నుంచి చూడండి. పదేళ్లు "జీటీ అంటే రేసు బండి" అని చెప్పి అమ్మాడు. ఇప్పుడు కస్టమర్ వచ్చి, "అదే పేరు, అదే త్రికోణం, ఆ మాల్‌లో సగం రేటుకి ఉంది, నువ్వెందుకు ఎక్కువ చెప్తున్నావ్?" అంటాడు. లోపల గొట్టం వేరు, ఫోర్క్ వేరు, బేరింగ్ వేరు అని ఎంతమందికి చెప్తాడు? పక్క బ్రాండ్ పెట్టుకుంటాడు. దూరం నుంచే గుర్తుపట్టేలా చేసిన ఆ త్రికోణమే ఇప్పుడు తిరగబడింది. మంచి బండికీ మామూలు బండికీ ఒకటే ముఖం.

2004లో పసిఫిక్ సైకిల్‌నే డోరెల్ అనే కెనడా కంపెనీ 31 కోట్ల డాలర్లకి కొనేసింది. డోరెల్ అసలు వ్యాపారం ఏంటో తెలుసా? చిన్నపిల్లల కార్ సీట్లు, విడిభాగాలుగా వచ్చే ఫర్నిచర్. నేను జోక్ చేయట్లేదు. కానీ ఈ డోరెల్ 2008లో క్యానన్‌డేల్‌ని కూడా కొన్నది. దాంతో జీటీకి కొత్త అన్నయ్య వచ్చాడు, అది మంచీ చెడూ రెండూ. మంచి ఏంటంటే సైకిళ్లు తెలిసిన ఇంజనీర్లు ఇంట్లోకి వచ్చారు. చెడు ఏంటంటే, ఒకే ఇంట్లో క్యానన్‌డేల్ ఉన్నప్పుడు పెద్ద బడ్జెట్ ఎవరికి పోతుంది? మన దగ్గరికి జీటీ వచ్చింది కూడా ఈ రోజుల్లోనే. చెన్నై టీఐ సైకిల్స్ వాళ్లు ట్రాక్ అండ్ ట్రైల్ షాపుల్లో క్యానన్‌డేల్, ష్విన్, మంగూస్‌తో పాటు జీటీని కూడా అమ్మారు. అంటే మనకి జీటీ పరిచయమయ్యేసరికే అది మూడు చేతులు మారింది. జాస్కర్ పోస్టర్ రోజులు మనం చూడనే లేదు. ఇక్కడ ఎవరైనా "లెజెండ్" అంటే అది విని చెప్తున్న మాటే.

అయితే కథ అక్కడ చచ్చిపోలేదు, అదే నాకు నచ్చే పార్ట్. 2012లో ఇంగ్లండ్‌కి చెందిన ఆథర్టన్ కుటుంబాన్ని జీటీ తీసుకొచ్చింది. డాన్, గీ అన్నదమ్ములు, రేచల్ చెల్లెలు. ముగ్గురూ డౌన్‌హిల్ పిచ్చోళ్లు. 2013లో దక్షిణాఫ్రికాలోని పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో రేచల్ వరల్డ్ ఛాంపియన్. 2014లో నార్వేలోని హాఫియెల్‌లో గీ వరల్డ్ ఛాంపియన్. ఇద్దరి కిందా జీటీ ఫ్యూరీ. డంబెల్స్ పక్కన అమ్ముతారు అని నవ్విన బ్రాండ్ మీద రెండేళ్లలో రెండు ఇంద్రధనుస్సు జెర్సీలు. 2016కి వాళ్లు ట్రెక్‌కి వెళ్లిపోయారు, అది వేరే సంగతి. తర్వాత కూడా కంపెనీ తన సస్పెన్షన్ డిజైన్లు మార్చింది, 90ల నాటి ఎల్‌టీఎస్ అనే పేరుని మళ్లీ బయటికి తీసింది, కొత్త సెన్సార్, ఫోర్స్ మోడల్స్‌కి మంచి రివ్యూలే వచ్చాయి. పాత బీఎంఎక్స్‌ని పెద్ద చక్రాలతో మళ్లీ చేసి, నలభై దాటిన నాన్నలకి అమ్మారు. ఆ నాన్నలే కదా పోస్టర్ రోజుల పిల్లలు.

2022 మొదట్లో డోరెల్ తన సైకిల్ వ్యాపారం మొత్తాన్ని డచ్ కంపెనీ పాన్ హోల్డింగ్స్‌కి 81 కోట్ల డాలర్లకి ఇచ్చేసింది. టైమింగ్ చూడండి. కోవిడ్‌లో అందరూ సైకిళ్లు కొన్నారు, డిమాండ్ ఆకాశంలో ఉంది. ఆ తర్వాత ఏడాదికే గోడౌన్లు నిండిపోయాయి, కొనేవాడు లేడు. సైకిల్ కంపెనీలన్నీ సగం రేటుకి అమ్ముకున్నాయి. ఇంట్లో చాలామంది పిల్లలున్న తల్లి, పిండి తక్కువైనప్పుడు ఏ పిల్లాడికి తగ్గిస్తుంది? ఆ లెక్కలో జీటీ వంతు వచ్చింది. 2024 డిసెంబర్‌లో ప్రకటన: కొత్త మోడల్స్ ఆపేస్తున్నాం, ఉన్న స్టాక్ 2025లో అమ్ముతాం, ఉద్యోగుల్లో ఎక్కువమందిని పంపించేస్తున్నాం. "పాజ్" అనే మాట వాడారు. ఆ మాట చదివినప్పుడు నాకు మా హాల్, మా కేక్ గుర్తొచ్చాయి.

సరే, మా తమ్ముడి సంగతి. మరుసటి రోజు పొద్దున్నే వీడియో కాల్ చేయించాను. "ఒరేయ్, బ్రాండ్ సంగతి పక్కన పెట్టు, సైకిల్‌ని తిరగేసి పెట్టు" అన్నాను. ఫ్రేమ్ కింద, పెడల్స్ మధ్యలో సీరియల్ నంబర్ ఉంది. అతుకుల దగ్గర పెయింట్ పగుళ్లు లేవు. ముందు ఫోర్క్ నొక్కిస్తే సగమే దిగుతోంది, సర్వీస్ కావాలి. వెనక గేర్ వేలాడే చిన్న హుక్ ముక్క, హ్యాంగర్ అంటారు, కొంచెం వంగి ఉంది. అది ఒక్కో ఫ్రేమ్‌కి ఒక్కో ఆకారంలో ఉంటుంది. కంపెనీ పాజ్‌లో ఉన్నప్పుడు ఆ ముక్క దొరకడమే అసలు సమస్య, కాబట్టి ముందు అది దొరుకుతుందో లేదో చూశాను. బయటి కంపెనీలు ఆ సైజు చేస్తున్నాయి. రెండు ఆర్డర్ పెట్టాను, ఒకటి ఇప్పటికి, ఒకటి దాచుకోవడానికి.

తర్వాత బాబాయ్‌కి ఫోన్ చేశాను. ఆయన ఒకటే అడిగాడు: "ఎంతకి తీస్కోమంటవురా?" ఫోర్క్ సర్వీస్, హ్యాంగర్ ఖర్చు తీసేసి 23 వేల దాకా వెళ్లొచ్చు అన్నాను. అమ్మేవాడు మళ్లీ లెజెండ్ బ్రాండ్ సార్ అన్నాడంట. బాబాయ్ "అవునయ్యా, లెజెండే, కానీ ఈ సైకిల్ కాదు కదా" అన్నాడంట. నేను చెప్పమన్న డైలాగ్ కాదది, ఆయన సొంతం. 24 వేలకి తెగింది.

ఆదివారం వాడు సైకిల్ కడిగి ఫోటో పెట్టాడు. సీటు కింద ఆ చిన్న త్రికోణం మీద వేలు పెట్టి చూపిస్తూ, "అన్నయ్యా, ఇదేనా నువ్వు చెప్పింది?" అని. అదేరా.